వెనకగదిలో గాలి

ఏ గదిలోకి వెళ్లాలన్నా అతను గుమ్మం దగ్గర ఆగుతాడు. కుడిచెయ్యి తిప్పి, చేతి వెనకభాగాన్ని తలుపు సందుకు ఎదురుగా పెడతాడు. మోకాలి దగ్గర ఒకసారి, ముఖం దగ్గర ఒకసారి. గాలి లోపలికి పోతోందా, బయటికి వస్తోందా, ఊరికే నిలబడి ఉందా అన్నది తేలాకే గడప దాటుతాడు. అరచెయ్యి పనికిరాదంటాడు. అది పనిచేసి చేసి మొద్దుబారింది. చేతి వెనకాల చర్మానికి ఇంకా కాస్త భయం మిగిలి ఉందంటాడు.

పెళ్లికి వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లినా, పోస్టాఫీసుకు వెళ్లినా ఇదే వరస. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. "మా ఆయన చెయ్యి ముందు లోపలికెళ్లి అందరినీ పలకరించి వస్తుంది. మనిషి తర్వాత వస్తాడు" అంటుంది భార్య. ఆ మాట అని అని ఆమెకే నవ్వు రావడం మానేసింది.

కాలనీలో అతన్ని గాలాయన అంటారు. పాలు పోసేవాడు పాలాయన, నీళ్లు వదిలేవాడు నీళ్లాయన అయినట్టు, గాలి పంపేవాడు గాలాయన అయ్యాడు. కాలనీ పక్కనే ఉన్న చిన్న బొగ్గుగనిలో అతను ఫ్యాన్ నడిపేవాడు. గాలి కోసం తవ్విన నిట్టనిలువు బావి ఒకటి, దాని పక్కన ఫ్యాన్ గది, రెంటినీ కలుపుతూ నేలలోనే ఇటుకలతో కట్టిన పొట్టి సొరంగం. మనిషికి రెండింతలున్న ఇనుప రెక్కలు కిందనున్న పాతగాలిని లాగి, ఇంటి కప్పు కంటే ఎత్తైన గొట్టం గుండా పైకి వదిలేవి. దాని చోటు నింపడానికి మనుషులు దిగే ఏటవాలు దారి గుండా కొత్తగాలి లోపలికి పోయేది. పనిలో చేరిన రోజు పాత ఆపరేటర్ అతనికి ఒక్క మాటే చెప్పాడు. "ఇది ఆగితే కింద ముందు దీపాలు ఆరతాయి, తర్వాత మనుషులు. దీపాలు నీకు కనపడవు. అందుకని చెవి ఇక్కడే పెట్టుకో."

అతను చెవి అక్కడే పెట్టుకున్నాడు. అన్నం తింటున్నా, స్నానం చేస్తున్నా, భార్య ఏదో చెబుతున్నా వెనకాల ఆ మోత వింటూనే ఉండేవాడు. కాలనీ అంతా ఆ మోతలోనే బతికింది. అందరూ గొంతు పెంచి మాట్లాడేవాళ్లు. కిందిపొరలోకి నీళ్లు వచ్చి, తోడే ఖర్చు బొగ్గు మీద రాక, కంపెనీ గనిని ఆపేసిన రోజు ఫ్యాన్ కూడా ఆగింది. తర్వాత కొన్నాళ్లు జనం అలాగే అరుచుకుంటూ మాట్లాడుకున్నారు. పక్కింటి గుట్టు ఇటూ, తమ గుట్టు అటూ వినబడుతున్నాయని తెలిశాక ఒక్కొక్కరే గొంతు తగ్గించారు.

గేటుకు బోర్డు కట్టారు. పని తాత్కాలికంగా నిలిపివేయబడినది అని. ఆ అక్షరాలు ఎండకు వెలిసిపోయి, 'తాత్కాలికంగా' అన్న మాట మొదట చెరిగిపోయింది.

ఫ్యాన్ గది తలుపులు మూసెయ్యమని గాలాయనకు చెప్పారు. మూసెయ్యమని మాత్రమే చెప్పారు. అతను గోనెసంచులు చించి, బంకమట్టిలో ముంచి, గొట్టం అడుగున ఫ్యాన్ గదికున్న ఇనుప తలుపుల అంచుల్లోకి బొటనవేలితో కూరాడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. చివరికి చెయ్యి తిప్పి ప్రతి సందు దగ్గరా పెట్టి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. ఇంత చక్కగా మూసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ చూడనూ లేదు. ఇంటికెళ్లి పడుకున్నాడు.

అతనికి ఒక్క అక్క. కాలనీలో చివరి వరస, చివరి ఇల్లు ఆమెది. బావ కింద బొగ్గు కొట్టేవాడు. ఆ ఇంటికి ఆనుకుని, ఫ్యాన్‌కు వాడే నూనె డబ్బాలు పెట్టే చిన్న గది ఒకటుండేది. గని ఆగాక దాన్ని అడిగేవాడు లేడు. బావ మధ్యగోడకు తలుపు పెట్టి దాన్ని తమ వెనకగది చేసుకున్నాడు. నేల బాగా పల్లం. గడప దాటి రెండు మెట్లు దిగాలి. దాని అవతలి గోడ మామూలు గోడ కాదు, ఆ పొట్టి సొరంగం గోడే.

అప్పటికే బావ ఊపిరితిత్తుల నిండా దుమ్ము. ఊపిరి తీస్తే గొంతులో సన్నగా ఈల వేసేది. ఎండాకాలం ముందుగదిలో పడుకోలేక, వెనకగదిలో నేలమీద చాప వేయించుకున్నాడు. ఒక మధ్యాహ్నం గోడలో ఒక ఇటుక వదులుగా కనిపిస్తే పారతో లాగేశాడు. ఆ కంతలోంచి చల్లటి గాలి వచ్చింది. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల బావి నీళ్లలాంటి గాలి. ఆ ఎండాకాలం ఆయన ఆ కంతకు ముఖం పెట్టుకునే పడుకున్నాడు. వానలు రాకముందే పోయాడు.

ఈ సంగతి గాలాయనకు తెలియదు. అక్క చెప్పలేదు. నూనె గదిలో ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కదా అనుకున్నాడు. బావ పోయిన ఏడాది చావు పలకరింపులన్నీ ముందుగదిలోనే అయిపోయాయి.

మరుసటి ఎండాకాలం ఒకరోజు అక్క కబురు పెట్టింది. స్టవ్వు పాడైందట, చూసిపొమ్మంది.

అది కిరసనాయిలు స్టవ్వు. అతను ముందుగదిలో కూర్చుని విప్పాడు, తుడిచాడు, వత్తులు సరిచేశాడు. అగ్గిపుల్ల గీస్తే నీలంగా, గుండ్రంగా వెలిగింది.

"దీనికేమైందే అక్కా? పువ్వులా వెలుగుతోంది."

"ఇక్కడ వెలుగుతుందిరా. వెనకగదిలో పెడితే ఆరిపోతోంది. పొద్దున బానే ఉంటుంది. మధ్యాహ్నం దాటాక టీ పెట్టుకుందామని వెలిగిస్తానా, నీళ్లు కాగేలోపు టప్పున ఆరిపోతుంది."

"అక్కడెందుకు పెట్టుకోవడం?"

"చల్లగా ఉంటుంది. అదీగాక..." అక్క అతని వైపు చూడకుండా గ్లాసులు సర్దింది. "ఆర్పుతున్నది ఎవరో నాకు తెలుసు."

"ఎవరు?"

"మీ బావ."

అతను నవ్వబోయి ఆగాడు. అక్క ముఖంలో వెలితి లేదు, పిచ్చి లేదు. పక్కూళ్లో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది.

అతను లేచి వెనకగది గుమ్మం దగ్గరకెళ్లాడు. చెయ్యి తిప్పి పెట్టాడు. ముఖం దగ్గర ఏమీ లేదు. మోకాలి దగ్గర పెట్టాడు. చల్లటిది ఏదో గడపను తాకుతూ మెల్లగా పొర్లి బయటికి వస్తోంది. నీళ్లలా. చేతి మీది వెంట్రుకలు లేచాయి.

గదిలో మూలన పాలగిన్నె, నీళ్లకుండ. చాప, దాని మీద దిండు. చాపమీద బూడిదరంగు పిల్లి. బావ పోయాక ఎక్కడినుంచో వచ్చి అక్కను అంటిపెట్టుకున్న పిల్లి. దిండుకు ఎదురుగా గోడలో నల్లటి కంత. కంత పైన మేకుకు బావ తువ్వాలు. ఆ తువ్వాలు కొస గోడను వదిలి గదిలోకి తేలుతోంది. కాస్త పడుతోంది. మళ్లీ తేలుతోంది. గోడలోంచి సన్నగా ఈల.

"పొద్దున చూడాలి నువ్వు" అంది అక్క, వెనకనుంచి. "తువ్వాలు కంతలోకి పోతుంది. లోపలికి పీలుస్తారు. సాయంత్రానికి బయటికి వదులుతారు. రోజుకోసారి. ఇప్పుడు ఆయాసం లేదు చూశావా? తీరిగ్గా తీస్తున్నారు."

 మూసిన గని కూడా ఊపిరి తీస్తుందని గనిలో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. బయటిగాలి బరువెక్కితే లోపలికి పీలుస్తుంది, తేలికైతే వదులుతుంది. పొద్దునొక రకం, మధ్యాహ్నం తర్వాత ఇంకో రకం. గాలివాన వచ్చేముందు ఆపకుండా వదులుతుంది. వదిలేది మంచిగాలి కాదు. మనుషులు లేనిచోట బొగ్గు ఊరికే కూర్చుని గాలిలోని సారమంతా తింటుంది. మిగిలిన దానికి రంగు లేదు, వాసన లేదు. నేలపట్టుకుని పాకుతుంది. గనివాళ్లు దాన్ని చచ్చుగాలి అనేవాళ్లు.

"అక్కా, ఈ చాపమీద పడుకుంటున్నావా?"

"మధ్యాహ్నం ఒక కునుకు."

"ఇక పడుకోకు. ఈ కంత ఇవాళే మూసేస్తా."

"మూస్తావా?" అక్క గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఒకసారి ఆయన ఊపిరి మూసుకుపోవడం చూశాగా. మళ్లీ మూస్తావా?"

"అది బావ కాదే. గని."

"గనే కదరా ఆయన్ని తీసుకుంది. మరి ఆయన ఊపిరి ఇంకెక్కడినుంచి వస్తుంది?"

 స్టవ్వును వెనకగది మెట్టుమీద పెట్టి వెలిగించాడు. అక్క చూస్తుండగానే మంట పచ్చబడింది, పొడుగైంది, తల వాల్చి ఆరిపోయింది.

"చూశావా" అన్నాడు అతను.

"చూశా" అంది అక్క. "పడుకోమంటున్నారు."

"నీకు బుద్ధుందా?"

"లేదు. నీకు పనిలేదు. ఫ్యాన్ పోయింది కాబట్టి నా గోడ మీద పడ్డావు. వెళ్లు, వెళ్లి నీ పెళ్లాం గుమ్మం దగ్గర చెయ్యి పెట్టుకో."

మాట మీద మాట పెరిగింది. చివరికి అక్క ఒట్టు వేసింది, ఈ పూట అక్కడ పడుకోనని. ఆమె ఒట్లు ఎలాంటివో అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా బయటపడ్డాడు. ఎందుకంటే అతని బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. గనికి ఇంకెక్కడా నోరు లేదా? ఉన్నా అది చిన్న సందే అయ్యుండాలి, లేకపోతే ఇక్కడ ఇంత బలంగా రాదు. ఆ సందేదో దొరికితే దాన్ని ఇంకాస్త పెద్దది చెయ్యొచ్చు. అక్క గోడను ముట్టుకోకుండానే ఈల ఆగిపోతుంది. ఆమెతో తగువు ఉండదు.

గేటు దగ్గర వాచ్‌మన్ రేకు నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. వయసులో చిన్నవాడు. గని నడుస్తుండగా చూడనివాడు.

"తాళం ఇవ్వు. ఒకసారి లోపలికెళ్లి వస్తా."

"ఉద్యోగం పోయినా డ్యూటీ పోలేదే బాబాయ్ నీకు. ఏముందక్కడ? మోయగలిగిన ఇనుమంతా ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు. నేను కాపలా కాస్తున్నది గడ్డికి."

"అయితే గడ్డినే చూసొస్తా."

వాచ్‌మన్ తాళం తీశాడు గానీ గేటు దాటి రాలేదు. "నువ్వెళ్లు. నాకు ఆ వైపు పడదు. సాయంత్రం పూట గురక వినిపిస్తుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

హాజరు గది కిటికీకి ఊచలు లేవు. దీపాల గదిలో టోపీదీపాలు తగిలించే ఇనుప మేకులు వరసగా గోడ పొడవునా ఉన్నాయి, ఏ దీపమూ లేకుండా. మనుషులు కూర్చుని కూర్చుని బల్ల అంచు నునుపు తేలింది. ఆ నునుపు మీద దుమ్ము కూడా సరిగ్గా నిలవలేదు. గాలాయన గుమ్మంలో చెయ్యి పెట్టాడు. ఏమీ లేదు. స్నానాల షెడ్డులో కుళాయిలు ఎవరో కోసుకుపోగా గోడలో రంధ్రాలు మిగిలాయి. ఒక్కో రంధ్రం దగ్గరా చెయ్యి పెట్టాడు. ఏమీ లేదు.

బొగ్గు లాగే తాడు డ్రమ్ముకు చుట్టినచోటే తుప్పుపట్టి ఒకే ముద్దయింది. తాడుకూ డ్రమ్ముకూ తేడా తెలియడం లేదు. ఒక బొగ్గుతొట్టి పట్టాల మీద ఆగిపోయి ఉంది. పట్టాలు తిన్నగా ఏటవాలు దారి దాకా పోయి, కంపెనీ కట్టిన గోడ కిందికి వెళ్లిపోయాయి. ఆ గోడ దగ్గర అతను చాలాసేపు ఉన్నాడు. అడుగు నుంచి పై వరకు చెయ్యి జరుపుకుంటూ పోయాడు. గోడ మూలన సాలెగూడు ఉంది. దాని దారాలు వేలాడుతున్నాయి, ఏవీ కదలడం లేదు. చెవి ఆనించాడు. ఎంతో లోతున నీటిబొట్టు పడింది. ఇంకో బొట్టు కోసం ఊపిరి బిగబట్టాడు. అది పడలేదు.

గాలి బావి మీద సిమెంటు పలక పరిచి ఉంది. దాని చుట్టూ గడ్డి. పలక అంచు వెంబడి పాకుతూ తిరిగాడు, ఇంత వయసులో, మోకాళ్లకు పల్లేరుకాయలు గుచ్చుకుంటుంటే. ఒక్క గడ్డిపోచ ఊగలేదు.

ఇక మిగిలింది ఫ్యాన్ గది.

అది అతను వదిలినట్టే ఉంది. ఇనుప తలుపుల అంచుల్లో మట్టి కాల్చిన ఇటుకలా గట్టిపడింది. ఆ మట్టినిండా బొటనవేలి గుర్తులు. ఒకదాని పక్కన ఒకటి, కింది నుంచి పైకి. తన వేలు పెట్టి చూసుకున్నాడు. గుర్తులో వేలు సరిపోయింది. చెయ్యి తిప్పి పెట్టాడు. ఏమీ లేదు. ఇంకోచోట పెట్టాడు. లేదు.

అప్పుడు అతనికి అర్థమైంది. ఇక్కడ ఎంత చక్కగా మూశాడో అంత చక్కగా మూసి ఉంది. కింద మైళ్లకొద్దీ దారులు, ఖాళీ గదులు, నీళ్లు నిండుతున్న పొరలు. వాటన్నిటి ఊపిరీ ఒక్క ఇటుకంత కంతలోంచి వస్తోంది. ఆ కంత ముందు అక్క దిండు ఉంది.

వెలుతురు తగ్గింది. తలెత్తి చూశాడు. పడమట మబ్బు ముదురు ఊదారంగులో లేచి ఉంది. ఎండ ఇంకా ఉంది గానీ అందులో వేడి లేదు. పిట్టలు అరవడం మానేశాయి. ఆ నిశ్శబ్దంలో, కాలనీ చివరి వరస వైపునుంచి, ఈల వినిపించింది.

సన్నగా, పొడుగ్గా. మధ్యలో ఆగి, చిన్న గరగరతో మళ్లీ మొదలయ్యే ఈల. బావ రాత్రంతా దగ్గి దగ్గి తెల్లారుజామున కాస్త కుదుటపడ్డప్పుడు వేసే ఈల.  గాలి సంగతి తనకు తెలుసు. ఆ ఈల ఎందుకొస్తుందో కూడా తెలుసు. అయినా నోరు తనంతట తను తెరుచుకుంది.

"బావా" అన్నాడు.

"ఎవర్ని పిలుస్తున్నావు బాబాయ్?" గేటు దగ్గరనుంచి వాచ్‌మన్ కేకేశాడు.

గాలాయన పరుగెత్తాడు. పరుగెత్తి చాలా ఏళ్లయింది. తొట్టి పక్కనుంచి, పట్టాలకు అడ్డంపడి, గేటు దాటి, ఇళ్ల వెనకనుంచి. ముందుగది తలుపు తీసే ఉంది. అక్క లేదు. స్టవ్వు అతను పెట్టిన చోటే, మెట్టు మీద. ఈల ఇప్పుడు ఇల్లంతా నిండి ఉంది.

గడప దగ్గర అతని చెయ్యి తనంతట తనే తిరిగి ముందుకొచ్చింది. మోకాలి దగ్గర చల్లదనం. ముఖం దగ్గర కూడా చల్లదనం. అంటే గది అంచులదాకా నిండింది.

అక్క చాపమీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. ముఖం కంత వైపు. చెయ్యి దిండు కింద. తువ్వాలు ఆమె తలమీదుగా గదిలోకి చాచుకుని ఉంది, ఇందాకటిలా పడి లేవడం లేదు. బిర్రుగా చాచుకునే వణుకుతోంది.

అతను వెనక్కి వచ్చి, వీధి గుమ్మంలో నిండా ఊపిరి తీసుకుని, పెదవులు బిగించి దిగాడు. అక్కను ఎత్తలేదు. ఎత్తితే ఊపిరి తియ్యాల్సి వస్తుంది. చాప కొస పట్టుకుని లాగాడు. మెట్ల దగ్గర చాప ఆగింది. ఇంకోసారి లాగాడు. కళ్ల ముందు నల్లటి చుక్కలు తేలాయి. మూడోసారి చాపా అక్కా ముందుగదిలోకి వచ్చాయి, అక్కడినుంచి వాకిట్లోకి. వాకిట్లో పెద్ద పెద్ద చినుకులు అప్పుడే మొదలయ్యాయి. అతను అక్క పక్కనే కూలబడి, తనకు తెలియకుండానే ఏడుస్తూ, ఆమె చెంపలమీద కొట్టాడు.

చాలాసేపటికి అక్క కళ్లు తెరిచింది. పెదవులు నేరేడు రంగులో ఉన్నాయి. వాన ముఖం మీద పడుతుంటే అతన్ని చూసి కనుబొమలు ముడిచింది.

"ఎందుకు లేపావురా?"

"ఒట్టు వేశావు కదే!"

"మీ బావ పక్కకు జరిగారు. చోటుంది, రమ్మన్నారు." గొంతు మామూలుగానే ఉంది. "ఆయాసం లేకుండా మాట్లాడారు. ఎన్నాళ్లకో. ఇంకాసేపు ఉంటే నీకేం పోయేది?"

  అక్కను ఎలాగోలా ఒప్పించాలి. ఇవాళ లాగాడు. రేపు మధ్యాహ్నం? ఎల్లుండి? ఆమె మళ్లీ దిగుతుంది, ఆ చోటు కోసం.

"పిల్లేది?" అంది అక్క హఠాత్తుగా.

అతను మళ్లీ ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి, గోడ వారగా ముడుచుకున్న దాన్ని చేతుల్లో తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. పిల్లి ఇంకా వెచ్చగానే ఉంది. తల మాత్రం వేలాడుతోంది.

అక్క దాని చెవులు నిమిరింది. వాన పెద్దదైంది. ఇద్దరూ తడుస్తూ కూర్చున్నారు. ఆమె ముఖంలో ఏదో లెక్క జరుగుతోందని అతనికి అనిపించింది. కాసేపటికి ఆమె ఇంటి వైపు చూసింది, మొదటిసారి పరాయి ఇల్లు చూసినట్టు.

"దీన్ని కూడా పిలిచారా?" అంది.

అతను వేలాడుతున్న పిల్లి తలను ఆమె మోచేతి మీదికి సర్దాడు.

"ఆయనకు పిల్లి పడదురా. వాసనకే గుక్కతిప్పుకోలేకపోయేవారు. పిల్లి ఉన్న ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు." చెవులు నిమురుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఆయన పిల్లిని పిలవరు."

"పిలవడు అక్కా."

"మరి లోపల నాతో మాట్లాడిందెవరు?"

అతను చెయ్యిచ్చి లేపాడు.

ఆ సాయంత్రం అక్క అతని ఇంట్లోనే ఉంది. గాలాయన భార్య పొడిబట్టలిచ్చి, టీ ఇచ్చి, "వదినా, నువ్వు కూడా చెయ్యి పెట్టి చూసి లోపలికెళ్లుంటే ఇంత అయ్యేది కాదు. ఇన్నాళ్లూ నేనే నవ్వాను" అంది. అక్క నవ్వలేదు. టీ తాగుతూ, "మూసెయ్యరా" అంది. "నేనే మట్టి కలిపిస్తా."

"ఒక్క నీ కంత మూస్తే సరిపోదు" అన్నాడు అతను. "అక్కడ మూస్తే పక్కింటి గోడలో బీట దొరుకుతుంది దానికి. పక్కింట్లో చంటిపిల్ల నేలమీద పాకుతోంది. దానికో నోరు ఇవ్వాలి, మనుషులకు దూరంగా, ఎత్తుగా. ఫ్యాన్ గది గొట్టం ఉంది కదా, ఇంటి కప్పు కంటే పైకి. అటునుంచి వదిలితే గాలిలో కలిసిపోతుంది."

"మరి అటునుంచి ఎందుకు వదలడం లేదు?"

"మూసి ఉంది."

"ఎవరు మూశారు?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "నేనే. గట్టిగా మూశాను."

అక్క అతన్ని చూసింది.   ఖాళీ గ్లాసు అతని ముందునుంచి తీసుకుని కడగడానికి వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆకాశం కడిగినట్టుంది. గాలి బరువుగా, చల్లగా ఉంది. గని పీల్చుకుంటున్న వేళ. గాలాయన, అక్క వెనకగదికి వెళ్లారు. స్టవ్వు మెట్టుమీద వెలిగించి చూశారు, నిలబడింది. తువ్వాలు సగం కంతలోకి పోయి ఉంది. అక్క దాన్ని లాగింది. లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టు కాస్త బిగిసి, వదిలింది. ఆమె దాన్ని మడిచి చంకలో పెట్టుకుని మట్టిముద్దలు అందించింది. అతను ఇటుక పెట్టి మట్టి అద్దాడు. తడిమట్టిని గోడ తనంతట తానే సందుల్లోకి లాక్కుంది. నున్నగా చెయ్యాల్సిన పని కూడా లేకపోయింది.

తర్వాత ఉలి, సుత్తి తీసుకుని అతను ఒక్కడే గేటు దగ్గరికి వెళ్లాడు. వాచ్‌మన్ తాళం చేతికిచ్చి, "నేను టీకి వెళ్తున్నా బాబాయ్. నేనేమీ చూడలేదు" అని నిజంగానే వెళ్లిపోయాడు.

గట్టిపడిన మట్టి పెళ్లలుగా ఊడింది. గోనెపీలికలు వాసన లేకుండా, రంగు లేకుండా, పాము కుబుసాల్లా వచ్చాయి. చివరి పెళ్ల ఊడగానే ఇనుప తలుపు అతని చేతిలోంచి లాక్కున్నట్టు లోపలికి తెరుచుకుని గోడకు కొట్టుకుంది. అతని వెనకనుంచి గాలి రయ్యిమని గదిలోకి దూసుకుపోయింది. ఎండుటాకులు, మట్టిపొడి, గోనె నూలు అన్నీ అతని కాళ్లమధ్య నుంచి చీకట్లోకి వెళ్లిపోయాయి.

లోపల ఏదో కిర్రుమంది.

ఫ్యాన్ కదులుతోంది. కరెంటు లేదు, బెల్టు లేదు, పక్కన మనిషి లేడు. పెద్ద రెక్క ఒకటి తుప్పు రాల్చుకుంటూ పైకొచ్చింది, ఆగింది, దాటింది. దాని వెనక రెండోది. తన సర్వీసులో ఎన్నడూ చూడని విధంగా, వెనక్కి తిరుగుతోంది. బావి అడుగునుంచి గని దాన్ని తిప్పుకుంటోంది. నెమ్మదిగా మొదలై, కిర్రుమనడం మూలుగయ్యింది, మూలుగు మోత అయ్యింది. కాలనీలో తలుపులు తీసిన చప్పుడు, ఎవరో ఎవరినో గట్టిగా పిలవడం వినిపించాయి.

అతను గుమ్మంలో నిలబడి చెవి పెట్టాడు. ఎడమవైపు బేరింగు ఎండిపోయి అరుస్తోంది. ఇలా వదిలేస్తే పట్టేస్తుంది. పట్టేస్తే రెక్కలు గాలి దారికి అడ్డం పడతాయి.

గాలాయన ఇంటికెళ్లి గ్రీజు డబ్బా వెతికి తెచ్చాడు. చొక్కా చేతులు మడిచి, తిరుగుతున్న రెక్కల పక్కన వంగి, బేరింగుకు వేలితో గ్రీజు పట్టించడం మొదలుపెట్టాడు.